ఎక్కడ పెట్టారో గుర్తుపెట్టుకునే ఉద్యోగం

మా బంధువుల్లో చాలామందికి నేను చేసిన ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ తెలియదు. కంప్యూటర్లు బాగుచేస్తాననుకుని, పెళ్లిళ్లలో పక్కన కూర్చోబెట్టుకుని చెడిపోయిన ఫోన్లు చేతికిచ్చినవాళ్లున్నారు. రిటైరయ్యాక వట్లూరులో ఉంటున్నాను కాబట్టి చుట్టుపక్కల కాలేజీల పిల్లలు వచ్చిపోతుంటారు. వాళ్లు మొదట అడిగేది, మీరు ఏ లాంగ్వేజ్‌లో చేసేవారండి అని. బాగా వండే మనిషిని పట్టుకుని ఏ గరిటెతో తిప్పారని అడిగినట్టుంటుంది నాకు.

నేను ఏలూరులో ఒక చిన్న కంపెనీలో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాశాను. అంటే ఇంటర్నెట్‌తో పని లేకుండా, షాపులో బల్లమీదున్న కంప్యూటర్లోనే నడిచేవి. ఫొటో స్టూడియోల వాళ్లకు, డీటీపీ సెంటర్లకు, మైకు సెట్ల వాళ్లకు చేసేవాళ్లం. వాటన్నింటిలోనూ నా వంతు పని ఒక్కటే. మనిషి తన ఫైలు ఎక్కడ పెట్టుకున్నాడో ప్రోగ్రాం గుర్తుపెట్టుకోవాలి. అతను దాన్ని వేరే చోటికి జరిపినా, పేరు మార్చినా, మర్నాడు అడిగితే తెచ్చి చేతికివ్వాలి. ఇది కూడా ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది వినడానికి. మా అమ్మకు చివరిదాకా అలాగే అనిపించింది.

ఈ పనిలోకి దిగబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్లు వదిలేస్తాను, వాటి గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. తాడేపల్లిగూడెంలో ఒక మనిషి తన గొంతును పోగొట్టుకుని, ఉన్నంతలో మళ్లీ వెతుక్కున్న సంగతి చెబుతాను. నేను నేర్చుకున్నది చాలావరకు ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

మైకు సూర్యనారాయణ గారు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ నుంచి బండ్లమీద ఊళ్లకు వెళ్లి అమ్ముకునేవాళ్ల దగ్గర చిన్న స్పీకరు ఉంటుంది. "ఉల్లిపాయలమ్మా, ఉల్లిపాయలు" అని అందులోంచి ఒక గొంతు పిలుస్తుంటుంది. బండి నడిపేది ఎవరైనా గొంతు మాత్రం సూర్యనారాయణ గారిదే. అన్నదానాలు, గృహప్రవేశాలు, కంటి వైద్య శిబిరాలు, ఎవరైనా పోతే ఆ కబురు, అన్నీ ఆటో మైకులో ఆయన గొంతే చెప్పేది. కొల్లేటి గట్టుమీద చేపల చెరువుల దగ్గర కూడా నేను ఆ గొంతు విన్నాను. తియ్యటి గొంతు కాదు. పక్కింటి పెద్దమనిషి వీధి అరుగుమీంచి పిలిచినట్టుండేది.

ఆయన ఇంటి వీధి గదే షాపు. ఆయన మైకు ముందు కూర్చుంటే, భార్య సత్యవతి గారు కంప్యూటరు ముందు కూర్చునేవారు. ఆవిడ వంటింట్లో పని చూసుకుంటూనే వచ్చి రికార్డింగ్ మొదలుపెట్టి, మళ్లీ వెళ్లి పోపు వేసి వచ్చేవారు. మా ప్రోగ్రాంను మాకంటే బాగా వాడేవారని చెప్పను గానీ, మేం వాడమన్న పద్ధతిలో మాత్రం ఎప్పుడూ వాడలేదు.

ఆ ప్రోగ్రాం చేసే పని చిన్నదే. "గణపవరం గ్రామ ప్రజలకు" అనేది ఒక ముక్క. "విజ్ఞప్తి" అనేది ఇంకో ముక్క. మనిషి పేరు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా చదివి, మిగతా ముక్కల్ని పాత రికార్డింగుల్లోంచి తెచ్చి అతికించుకోవచ్చు. ముక్కను ప్రోగ్రాం తన దగ్గర దాచుకోదు. ఆ ముక్క ఏ ఫైల్లో ఉంది, అందులో ఎక్కడినుంచి ఎక్కడిదాకా వాడాలి, అన్నది మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. అందుకని ఒకే "గణపవరం" గృహప్రవేశానికీ పనికొస్తుంది, చావు కబురుకూ పనికొస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, తర్వాత కథంతా దీనిమీదే నడుస్తుంది.

చిరునామా చాలదు

కొత్తగా చేరినవాళ్లు ఫైలు చిరునామా రాసుకుని ఊరుకుంటారు. ఫలానా డిస్కులో, ఫలానా ఫోల్డర్లో, ఫలానా పేరు అని. చుట్టాల ఇంటి గుర్తు రాసుకున్నట్టే. వాళ్లు అద్దె ఇల్లు మారిన రోజున మీరు వేరేవాళ్ల తలుపు కొడతారు.

కొంచెం అనుభవం వచ్చినవాళ్లు డిస్కు ఆ ఫైలుకు ఇచ్చిన నంబరును కూడా రాసుకుంటారు. అదే డిస్కులో ఫైలును ఎటు జరిపినా, ఏ పేరు పెట్టినా ఆ నంబరు మారదు. కానీ వేరే డిస్కుకు తీసుకెళ్తే అక్కడ కొత్త నంబరు వస్తుంది, పాత నంబరుకు విలువ ఉండదు. ఇంకా అనుభవం వచ్చినవాళ్లు ఫైలు నిడివి లాంటి లోపలి ఆనవాళ్లు కూడా కొన్ని దాచుకుంటారు, పుట్టుమచ్చలు రాసుకున్నట్టు.

ఇవి మూడూ దాచుకున్నా ఫైలు దొరకని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మీ ప్రోగ్రాం ఏం చేస్తుందన్నదే అసలు ఉద్యోగం. నాకూ మా యజమాని శేషగిరి గారికీ గొడవంతా అక్కడే.

శేషగిరి గారు మంచి మనిషి, మొండి మనిషి. కస్టమర్‌ను ప్రశ్న అడగకూడదని ఆయన సిద్ధాంతం. ప్రశ్న అడిగితే భయపడతాడు, భయపడితే ఫోన్ చేస్తాడు, ఫోన్ చేస్తే మనవాళ్లు పని మానుకుని మాట్లాడాలి. కాబట్టి ఫైలు దొరక్కపోతే అదే పేరున్న ఇంకో ఫైలు ఎక్కడుందో చూసి నిశ్శబ్దంగా దాన్ని పెట్టెయ్యమన్నారు. తెలియనప్పుడు తెలియదని చెప్పడమే మర్యాద అని నేను వాదించాను. ఆయన నవ్వి, మీ నాన్నగారు మేష్టారు కదా, అందుకే మీకు ప్రశ్నలంటే ఇష్టం అన్నారు. జీతమిచ్చేవారి మాటే నెగ్గింది.

గణపవరంలో భోజనాలు

రికార్డింగ్ యంత్రం ప్రతి ఫోల్డర్లోనూ ఒకటి నుంచి నంబర్లనే ఫైలు పేర్లుగా వేసుకుంటూ పోతుంది. గృహప్రవేశాల ఫోల్డర్లో ఏ పేర్లుంటాయో చావు కబుర్ల ఫోల్డర్లోనూ అవే పేర్లుంటాయి. డిస్కు నిండిపోయిందని సూర్యనారాయణ గారు ఒకరోజు పాత గృహప్రవేశాలు కొన్ని తీసేశారు. తీసేసినవాటిలో అప్పటికీ వాడుతున్న ముక్క ఒకటుంది. ఆ వారంలోనే గణపవరం నుంచి పెద్దిరాజు గారని ఒక రైతు కొత్త ఇంటి గృహప్రవేశం చెప్పించుకోవడానికి వచ్చారు. పాత ప్రకటనే కదా అని సూర్యనారాయణ గారు పేరొక్కటి కొత్తగా చదివి, అదొక్కటే విని చూసుకుని, ఆటో కుర్రాడికి ఇచ్చి పంపేశారు.

ఆటో గణపవరం వీధుల్లో తిరిగింది. గణపవరం గ్రామ ప్రజలకు విజ్ఞప్తి, పెద్దిరాజు గారు స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము, కావున అందరూ కుటుంబ సమేతంగా విచ్చేసి విందు ఆరగించవలసిందిగా కోరుతున్నాము, అని. ఎవరో ఆటోకు అడ్డం పడేలోపు పెద్దిరాజు గారి చెల్లెలు ఏడ్చుకుంటూ అన్నగారింటికి పరిగెత్తింది. అక్కడ అన్నగారు పందిరి గుంజలకు మామిడాకులు కట్టిస్తున్నారు.

శేషగిరి గారు, నేను, సూర్యనారాయణ గారు కలిసి వెళ్లాం. పాత ఫైళ్లు తీసేసింది ఆయన, వినకుండా పంపింది ఆయన. శేషగిరి గారు కావాలంటే ఆ మాట అనవచ్చు. అనలేదు. పందిట్లో చేతులు జోడించి నిలబడి, తప్పు మా ప్రోగ్రాంది, ఈయనది కాదు అని చెప్పారు. ఎన్నో ఏళ్లు ఆయనతో పోట్లాడాను గానీ ఆ పందిట్లో నిలబడిన మనిషిమీద గౌరవం మాత్రం నాకు ఎప్పుడూ తగ్గలేదు.

పెద్దిరాజు గారు మామిడాకులు పక్కన పెట్టి మావైపు వచ్చారు.

"ఏవండీ, నన్ను చంపేసి మరీ భోజనాలకి పిలిచారండి," అన్నారు. "సరే, వచ్చారు కదా. తినేసి వెళ్లండి."

బతికున్న మనిషి పోయాడని కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందని మనవైపు ఒక నమ్మకం ఉంది. ఆ మాట చెప్పి అక్కడి పెద్దవాళ్లే మమ్మల్ని ఊరడించారు. పులిహోర తిని తిరిగి వస్తుంటే సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పిల్లలూ, ఫైలు దొరకలేదని చెప్పిన ప్రోగ్రాంను జనం తిడతారు, అంతే. దొరకనిదాన్ని దొరికిందని చెప్పే ప్రోగ్రాం మనుషుల్ని ఏడిపిస్తుంది. ఆ తర్వాత శేషగిరి గారు తన సిద్ధాంతం వదులుకున్నారు. ప్రోగ్రాం చేత ఊహించడం మాన్పించాం. ఫైలు కనిపించకపోతే దాని పేరు బూడిదరంగులో అలాగే ఉంటుంది, చెరిగిపోదు. ఇంకో డిస్కులో ఆనవాళ్లు కలిసే ఫైలు కనబడితే, దాన్ని వినిపించి "ఇదేనా?" అని అడుగుతుంది. అప్పటి కంప్యూటర్లకు ఫైలంతా చదివి పోల్చుకునే ఓపిక లేక పైపై ఆనవాళ్లే దాచేవాళ్లం, కాబట్టి మనిషి విని ఒప్పుకోవాల్సిందే. అడగమని నేను పోరితే, అడిగినప్పుడు ముక్క ఒక్కటే కాకుండా ఫైలు మొత్తం వినిపించాలని ఆయన పట్టుబట్టారు. అనవసరంగా టైము తినేస్తుందని గొణుక్కుంటూనే అలా రాశాను.

గొంతు కనబడట్లేదండి

సూర్యనారాయణ గారు ఊళ్ల పేర్లన్నీ మళ్లీ శుభ్రంగా రికార్డు చేశారు. చావు కబుర్లే అన్ని ఊళ్లకూ వెళ్తాయి కాబట్టి అన్ని ఊళ్ల పేర్లూ ఆ ఫోల్డర్లోనే చేరాయి. మిగతా ప్రకటనలన్నీ అక్కడినుంచే అరువు తెచ్చుకునేవి.

కొంతకాలానికి ఆయన గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయాలు అయ్యాయి, ఆవిరి పట్టడాలు అయ్యాయి. చివరికి ఏలూరులో పెద్ద డాక్టరు చూసి గొంతులో పుండు మంచిది కాదన్నారు. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కాడు. మెడ దగ్గర ఊపిరికి చిన్న రంధ్రం మిగిలింది, మాట పోయింది. ఇంటికి వచ్చాక ఆయనకు మిగిలిన ఆధారం పాత ముక్కలే. కొత్త పేర్లు ఇంకెవరి చేతనైనా చదివించుకుని, మిగతాదంతా తన గొంతుతో అతికించి, ఎలాగో షాపు నడుపుకుందామనుకున్నారు. మొదటి పని కూడా వచ్చింది. రామాలయంలో అన్నదానం ఉంది, ఆయన గొంతైతేనే చెప్పించండి, లేకపోతే మైకే వద్దు అని కబురు చేశారు గణపవరం పెద్దిరాజు గారు.

మర్నాడు సత్యవతి గారు నాకు ఫోన్ చేశారు.

"మేడమ్ గారండీ, ఆయన గొంతు కనబడట్లేదండి," అన్నారు.

రైలెక్కి వెళ్లాను. తెరమీద ప్రకటనలన్నింటిలోనూ ఊళ్ల పేర్లు బూడిదరంగులో ఉన్నాయి. చావు కబుర్ల ఫోల్డరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. సూర్యనారాయణ గారు పక్కన నిలబడి పలకమీద "డిస్కు పోయిందా?" అని రాసి చూపించారు. డిస్కు బాగానే ఉంది. ఆ ఫోల్డరునే ఎవరో తీసుకెళ్లారు. ఆ మాట పైకి అనబోతూ సత్యవతి గారి మొహం చూసి ఆగిపోయాను.

కాఫీ కలుపుదాం రండి అని ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్లారు. స్టవ్ వెలిగించలేదు. మెల్లగా చెప్పుకొచ్చారు. పెద్దిరాజు గారికి తప్పిన గండం ఎక్కడికో పోవాలి కదా, పలికిన నోటిమీదికే వచ్చిందని వరసకు అత్తయ్య అయ్యే ఒకావిడ ఆస్పత్రిలో చెప్పిందట. అన్ని చావుమాటలు ఇంట్లో పెట్టుకుంటే మనిషి ఎలా తేరుకుంటాడని అడిగిందట. ఆపరేషన్ ముందురోజు సత్యవతి గారు ఇంటికొచ్చి ఆ ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లోకి తీసి, కంప్యూటర్లో లేకుండా చేశారు. గణపవరం కూడా అందులోనే పోతుందని ఆవిడకు తెలియదు. ఇంట్లో మైలవస్తువు ఉంటే గడప దాటిస్తాం కదా, ఆవిడ చేసింది అంతే.

"కాలవలో వేసెయ్యమన్నారండి," అన్నారు. "వంతెన దాకా వెళ్లానండి. చెయ్యి రాలేదండి. ఎంత చావుమాటయినా ఆయన గొంతు కదండీ."

కొల్లేటి దగ్గర చేపల చెరువు చూసుకునే తమ్ముడికిచ్చి, ఇల్లు దాటించానన్న తృప్తితో ఉండిపోయారట. ఇప్పుడు ఆయనతో చెప్పడానికి భయం. నా గొంతు నువ్వే తీసేశావా అని చూస్తారేమోనని.

ఇది విని మా పిల్లలు నవ్వుతారు. నవ్వకండి. మీరు రాసే ప్రోగ్రాంలో ఏ ఫోల్డరు దేనికి ఆధారమో తెరమీద ఎక్కడా కనబడదు. మనుషులు తమకు తెలిసిన పద్ధతిలోనే సర్దుకుంటారు. పెళ్లి, చావు ఒకచోట ఉండకూడదన్నది ఆవిడ పద్ధతి. అది ముందే ఊహించాల్సింది ఆవిడ కాదు, మనం.

నేను చెప్పనా అని అడిగాను. వద్దని, ఆవిడే వీధి గదిలోకి వెళ్లి అంతా చెప్పారు. ఆయన పలకమీద రాసి ఆవిడకు చూపించారు. "నాతో చెబితే నేనే ఇచ్చేవాణ్ణి." ఆవిడ ఆ పలకను పైటకొంగుతో తుడిచేశారు.

చెరువు గట్టుమీద

నిడమర్రు దాటాక రోడ్డుకు రెండువైపులా నీళ్లే. సత్యవతి గారు, నేను ఆటోలో వెళ్లాం. దారిపొడవునా ఆవిడ ఒకే మాట, చెమ్మకు పాడైపోయి ఉంటుందేమోనండి అని. నాకూ అదే భయం.

తమ్ముడుగారి కాపలా పాకలో మేత బస్తాలు, వలలు ఉన్నాయి. పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టావురా అంటే అతను అర్థం కానట్టు చూశాడు. అక్క పసుపుగుడ్డలో కట్టి, ఇంట్లో ఉండకూడదు, నీ దగ్గర జాగ్రత్తగా పెట్టు అని ఇచ్చిందట. విప్పి చూడలేదు. బావగారి కోసం కట్టించిన రక్ష అనుకుని పాక గుమ్మానికి పైన వేలాడదీశాడు. రోజూ అగరొత్తి చూపిస్తున్నాడు. శుక్రవారం కుంకుమ కూడా పెడుతున్నాడు.

"అప్పట్నుంచీ చెరువుకి జబ్బు రాలేదక్కా," అన్నాడు.

ఊళ్లన్నింటి చావు కబుర్లకూ అన్నాళ్లూ ధూపం వేశాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సత్యవతి గారు నవ్వారో ఏడ్చారో నేను చూడలేదు, గట్టువైపు తిరిగి నిలబడ్డారు. రోజూ అగరొత్తి పొగ తగలడంవల్ల కాబోలు, గుడ్డ పొడిగానే ఉంది. పెన్‌డ్రైవ్ మూతిలో చేరిన పసుపును అగ్గిపుల్లకు దూది చుట్టి తీశాను.

ఇదేనా?

తాడేపల్లిగూడెం తిరిగొచ్చి పెట్టి చూస్తే ఫైళ్లు కనిపించాయి. కానీ చిరునామా వేరు, డిస్కు వేరు, నంబర్లు వేరు. మిగిలినవి ఆనవాళ్లే. కాబట్టి ప్రోగ్రాం మేం నేర్పినట్టే ఒక్కో ఫైలునూ మొత్తం వినిపించి "ఇదేనా?" అని అడగడం మొదలుపెట్టింది. కింద మూడు బటన్లు ఉంటాయి. అవును, కాదు, మళ్లీ వినిపించు.

మౌస్ సత్యవతి గారి చేతిలో ఉంది. సూర్యనారాయణ గారు ఆవిడ వెనక కుర్చీలో కూర్చున్నారు. ఆపరేషన్ తర్వాత ఆ ఇంట్లో ఆయన గొంతు వినబడడం అదే మొదలు. ఉంగుటూరు గ్రామ ప్రజలకు, అంది స్పీకరు. ఆవిడ అవును నొక్కారు. నిడమర్రు గ్రామ ప్రజలకు. అవును. గణపవరం వచ్చినప్పుడు ఆయన కుర్చీ చేతిమీద తట్టారు. పెద్దిరాజు గారి అన్నదానం నిలబడింది.

తర్వాత పెంటపాడు వచ్చింది. గ్రామ ప్రజలకు, అన్నాక ఆ ఫైలు ఆగలేదు. ప్రకటనలో మేం ఎప్పుడూ కత్తిరించి వదిలేసే చివరి భాగం అది. రికార్డింగులో కుర్చీ కిర్రుమంది. ఆయన దగ్గారు. దూరంగా వంటింట్లో కుక్కరు కూసింది.

"సత్యా, కుక్కరు కూస్తోందే. కట్టెయ్యి," అంది ఆ గొంతు.

"కట్టేస్తున్నానండీ," అని సత్యవతి గారు మౌస్ వదిలేసి లేచి, వంటింటివైపు రెండడుగులు వేశారు.

గుమ్మం దగ్గర ఆగిపోయారు. వంటింట్లో స్టవ్ మీద ఏమీ లేదు. ఆవిడ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డారు, వెనక్కి తిరగలేదు. నాకు కళ్లు తడిసి తెర మసకైంది. తెరమీద ప్రోగ్రాం జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంది. సూర్యనారాయణ గారు కుర్చీ ముందుకు జరుపుకుని మౌస్ అందుకున్నారు. అవును నొక్కుతారనుకున్నాను. ఆయన ఆవిడ వైపే చూస్తూ, మళ్లీ వినిపించు అన్నది నొక్కారు.